షూటింగ్ కావాలా, శుక్రవారం కావాలా? సినిమా స్టూడియో గేముల్లో ఎవరికి ఏది

మన దగ్గర సినిమా చూడనివాళ్లకి కూడా కలెక్షన్లు తెలుసు. హాలు మొహం చూడకపోయినా నైజాంలో మొదటిరోజు ఎంత లాగింది, సీడెడ్ బయ్యర్ ఎంతకి కొన్నాడు, ఇంకెంత షేర్ వస్తే ఒడ్డున పడతాడు అని టీ కొట్టు దగ్గర నిలబడి లెక్క కట్టేవాళ్లు నాకు తెలిసే నలుగురున్నారు, నేనూ అందులో ఒకణ్ణి. "ఆ హీరోయిన్‌ని ఎవరు పెట్టమన్నారు, ఆ డైరెక్టర్‌కి అంత బడ్జెట్ ఎవడిచ్చాడు, అదే నాకిస్తేనా..." అనడం మనకి మామూలే. సినిమా స్టూడియో నడిపే గేములు సరిగ్గా ఆ "నాకిస్తేనా" దగ్గర మనల్ని పట్టుకుంటాయి. సరే, ఇదిగో స్థలం, ఇదిగో డబ్బు, తీసి చూపించు అంటాయి.

చిక్కేంటంటే స్క్రీన్‌షాట్లలో అన్నీ ఒకేలా కనిపిస్తాయి. పై నుంచి చూస్తే ఒక స్టూడియో ఆవరణ, నాలుగు బిల్డింగులు, అటూ ఇటూ తిరిగే చిన్న చిన్న మనుషులు, మూలన డబ్బు అంకె. మా కజిన్ ఒకడు తను డైరెక్షన్ చేయొచ్చనుకుని ఇలాంటిదొకటి కొన్నాడు (పేరెందుకులే). రెండు గంటలు కెమెరా ఎక్కడుందో వెతికి, అందులో కెమెరా అనేదే లేదని తెలుసుకుని నాకు ఫోన్ చేసి తిట్టాడు. గేమ్ తప్పు కాదది. వాడికి కావాల్సింది షూటింగ్, వాడు కొన్నది శుక్రవారం, అంటే రిలీజ్ రోజు వసూళ్ల లెక్క.

ఇదే ఈ గేముల్లో అసలు తేడా అని నా లెక్క. కొన్ని గేములు సినిమాని మీ చేత తీయిస్తాయి, సీన్ సీన్ పేర్చి, చివరికి ప్లే నొక్కితే తెర మీద నడిచే సినిమా ఒకటి చేతికొస్తుంది. ఇంకొన్నింటిలో సినిమా ఎప్పటికీ కనిపించదు, పోస్టర్ ఒకటి, పేరొకటి, పక్కన అంకెలు. కానీ ఆ అంకెలు విడుదలరోజు ఎక్కడం మొదలుపెట్టినప్పుడు ఉండే టెన్షన్ మామూలుగా ఉండదు. డబ్బంతా అయిపోయింది, ప్రచారం అయిపోయింది, చేయడానికి ఇంకేమీ లేదు, చూస్తూ కూర్చోవడమే. మార్నింగ్ షో టాక్ కోసం ఎదురుచూసే నిర్మాత పరిస్థితి అది.

రెండూ కలిపి ఒకే గేమ్‌లో ఇవ్వొచ్చుగా అంటారా? ఇచ్చారు, కానీ అక్కడో ముడి ఉంది. మీరు నిజంగా సీన్లు పేర్చి కథ చెప్తే ఆ కథ బాగుందో లేదో కంప్యూటర్‌కి అర్థం కాదు. సెట్ కొత్తదా పాతదా, నటుడికి అనుభవం ఉందా, మూడ్ బాగుందా అని చూసి రేటింగ్ వేస్తుంది. అలా కాకుండా కథకే మార్కులు వేయాలంటే దాన్ని ముక్కలు చేయాలి. హీరో ఎలాంటివాడు, విలన్ ఎవరు, ముగింపు ఏమిటి అని చీటీలుగా మార్చి, ఏ చీటీకి ఏది కలుస్తుందో లెక్క కట్టాలి. అప్పుడు లెక్క బాగానే ఉంటుంది, చూడ్డానికి సినిమా మాత్రం ఉండదు. అందుకే ఏదో ఒక వైపు మొగ్గాల్సిందే, గేమ్ తయారుచేసేవాళ్లయినా, కొనే మనమైనా.

షూటింగ్ వైపు పెద్దన్న 'ది మూవీస్'. పీటర్ మాలినూ స్థాపించిన ఇంగ్లండ్ సంస్థ లయన్‌హెడ్ తయారుచేసింది, 2005 నవంబరులో యాక్టివిజన్ విడుదల చేసింది. 1920లలో ఖాళీ స్థలంతో మొదలుపెడతారు. గేటు దగ్గర ఉద్యోగాల కోసం జనం లైను కడతారు, వాళ్లలో ఒకణ్ణి మౌస్‌తో ఎత్తి పట్టుకుని ఎక్కడ పడేస్తే వాడు అదవుతాడు. ఊడ్చేవాడు కావచ్చు, కట్టేవాడు కావచ్చు, హీరో కావచ్చు. నేను మొదటిసారి ఆడినప్పుడు చీపురు పట్టుకుని తిరుగుతున్న ఒకణ్ణి తీసుకెళ్లి హీరోని చేశాను, ముప్పై ఏళ్ల (గేమ్ ఏళ్లే) పాటు నా స్టూడియో వాడి మీదే నడిచింది. స్క్రిప్ట్ చేత్తో పట్టుకెళ్లి క్యాస్టింగ్ ఆఫీసులో పెట్టడం, అందులో పాత్రల దగ్గర నటుల్ని వదలడం, రిహార్సల్ చూడడం, ఇవన్నీ బొమ్మలాటలా సాగుతాయి.

స్టార్ల బాధలు మాత్రం అందులో నిజంగా బాధలే. పక్కవాడి కారవాన్ మనదానికంటే పెద్దదైతే అలిగేది, జీతం తగ్గితే అలిగేది, వెంట తిరిగే మనుషులు చాలకపోతే అలిగేది. ఎక్కువ పని చేయిస్తే ఒత్తిడి, ఒత్తిడి తగ్గడానికి బార్, బార్ నుంచి వ్యసనం, వ్యసనం నుంచి బయటపడేయడానికి మళ్లీ చికిత్స. వయసు మీద పడితే ప్లాస్టిక్ సర్జరీకి కూడా పంపొచ్చు. ఒక సాయంత్రం సినిమా తీద్దామని కూర్చుని, ఆ సాయంత్రమంతా ఒకే హీరోయిన్‌ని బార్ నుంచి సెట్‌కీ సెట్ నుంచి బార్‌కీ మోసుకెళ్లడంతో సరిపోయిన సందర్భాలున్నాయి. ఇది కొందరికి మహా సరదా, కొందరికి తలనొప్పి. నేను రెండో గుంపు. అయినా వదల్లేదు.

ఆ గేమ్ పేరు ఇప్పటికీ వినిపించడానికి కారణం సొంతంగా స్క్రిప్ట్ పేర్చుకునే భాగం. సెట్లు, దుస్తులు, సీన్లు ఎంచుకుని, ఎడిట్ చేసి, సబ్‌టైటిల్స్ వేసి, ఆ సినిమాని గేమ్ బయటికి తీసుకెళ్లి ఎవరికైనా చూపించుకోవచ్చు. 2005 చివర్లో ఫ్రాన్స్‌లో అల్లర్లు జరిగినప్పుడు అలెక్స్ చాన్ అనే ఇండస్ట్రియల్ డిజైనర్, అంతకుముందు సినిమా అనుభవం ఏమీ లేనివాడు, ఇందులోనే 'ది ఫ్రెంచ్ డెమోక్రసీ' అని చిన్న సినిమా చేశాడు, వలస కుటుంబాల పిల్లల కోపం ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్తూ. గేమ్‌లో పారిస్ వీధుల సెట్లు ఎక్కడివి, అమెరికా తరహా సెట్లతోనే సర్దుకున్నాడు. అయినా పెద్ద పెద్ద పత్రికలు దాని గురించి రాశాయి. శుక్రవారం గేముల వల్ల ఇలాంటిది జరగడం కష్టం, అక్కడ చూపించుకోవడానికి అంకె తప్ప ఏముంది?

ఇక్కడే అసలు ఇబ్బంది చెప్పాలి. 'ది మూవీస్' ఇప్పుడు ఆన్‌లైన్ దుకాణాల్లో దొరకదు. లయన్‌హెడ్‌ని 2006లో మైక్రోసాఫ్ట్ కొంది, 2016లో మూసేసింది. పాత డిస్క్ ఎవరి దగ్గరైనా ఉంటే, విండోస్ ఎక్స్‌పీ కాలపు గేమ్‌ని ఇప్పటి ల్యాప్‌టాప్ మీద నడిపించే ఓపిక ఉంటే సరే. లేకపోతే దాని మీద ఆశ పెట్టుకోకండి. అందరూ దాన్నే పొగుడుతున్నారని వారం రోజులు వెతికి విసిగిపోయినవాళ్లని చూశాను.

ఆ ఖాళీని నింపుదామని వచ్చినదే 'బ్లాక్‌బస్టర్ ఇంక్', 2024 జూన్‌లో. 1920ల నుంచే మొదలు, స్టూడియో కట్టుకోవడం, సెట్లు వేయడం, స్టార్లని పెంచడం, సీన్లు ఎంచుకుని సినిమా కూర్చడం, చివర్లో కూర్చుని చూసుకోవడం. 'ది మూవీస్' ఆడినవాళ్లకి ఇల్లు చేరినట్టే ఉంటుంది, కాకపోతే ఇంట్లో సామాను కొంచెం తక్కువ. నా అభిప్రాయం ఏంటంటే ఇందులో స్టూడియో కట్టే భాగం బాగుంది. దారులు వేయడం, చెట్లు పెట్టడం, ఆవరణ అందంగా సర్దడం ఇష్టమైతే గంటలు తెలియవు. తీసిన సినిమాల్లో మాత్రం మనుషుల కదలికలు కొన్నాళ్లకి ఒకేలా అనిపిస్తాయి, పదో ప్రేమకథ మూడో ప్రేమకథలాగే ఉంటుంది. (మన ఇండస్ట్రీని చూసే పెట్టారేమో అని ఒక మిత్రుడి జోకు.) డబ్బు లెక్కల వైపు కూడా పెద్దగా కష్టపెట్టదు, ఒక దశ దాటాక డబ్బు వచ్చిపడుతూనే ఉంటుంది. పిల్లలతో కలిసి ఆడుకోవడానికీ, పని అయ్యాక తల ఖాళీ చేసుకోవడానికీ ఇది సరిపోతుంది. మన ఎంపికకి శిక్ష పడాలి, అప్పుడే మజా అనుకునే రకమైతే ఇది మీది కాదు.

ఆ రకం వాళ్ల కోసమే 'హాలీవుడ్ యానిమల్'. 'దిస్ ఈజ్ ద పోలీస్' చేసిన వీపీ స్టూడియో గేమ్ ఇది, 2025 ఏప్రిల్‌లో ఎర్లీ యాక్సెస్‌గా, అంటే పూర్తిగా తయారవకముందే అమ్మకానికి, వచ్చింది. పాత గేమ్ తెలిసినవాళ్లకి ఇది ఎలా ఉంటుందో ఊహ అందేసి ఉంటుంది. మర్యాదగా కనిపించే మనుషులు, లోపల కుళ్లు, మధ్యలో మన సంతకం. కథ 1929లో మొదలవుతుంది. మూకీలు పోయి టాకీలు నిలదొక్కుకుంటున్న రోజులు, ఆ ఏడాది చివర్లోనే అమెరికా స్టాక్ మార్కెట్ కుప్పకూలింది. (మన మొదటి తెలుగు టాకీ హాళ్లకి రావడానికి ఇంకా మూడేళ్లు ఉంది, 1932.) కాలం ఎంపికలోనే సగం మార్కులు కొట్టేశారు. అప్పటి హాలీవుడ్ స్టూడియో అంటే నటుల్ని, రచయితల్ని, డైరెక్టర్లని కాంట్రాక్టు రాయించుకుని జీతం మీద పెట్టుకునే ఫ్యాక్టరీ. మనకీ ఇది కొత్త కాదు, మద్రాసులో విజయా వాళ్లు ఎన్టీ రామారావుని మొదట్లో నెల జీతం మీద కాంట్రాక్టులో పెట్టుకున్న సంగతి పాత సినిమా కబుర్లు చదివేవాళ్లకి తెలిసిందే. ఈ గేమ్ ఆ వ్యవస్థని లోపలినుంచి చూపిస్తుంది.

ఇందులో స్క్రిప్ట్ అంటే నేను పైన చెప్పిన చీటీలే. జానర్ ఒకటి, కథ జరిగే చోటు ఒకటి, కథానాయకుడు, ప్రతినాయకుడు, పక్కపాత్రలు, మధ్యలో జరిగే మలుపులు, ముగింపు. ఏది దేనితో కలుస్తుందో మొదట్లో తెలియదు, సినిమా తీసి చేతులు కాల్చుకుంటేనే తెలుస్తుంది. కలిసే చీటీలన్నీ పేర్చుకుంటే సేఫ్ సినిమా వస్తుంది, కానీ ఎప్పుడూ అవే తీస్తుంటే మీకే విసుగొస్తుంది. ప్రతి మనిషికీ కమర్షియల్ పట్టు వేరు, కళ పట్టు వేరు. ఈ డైరెక్టర్ డబ్బు తెస్తాడు, ఆ డైరెక్టర్ పేరు తెస్తాడు, ఇద్దరికీ బడ్జెట్ ఇచ్చే స్తోమత లేదు, ఇప్పుడేం చేస్తారు? తర్వాత రిలీజ్. ఎన్ని థియేటర్లలో వేయాలి, ప్రచారం ఎవరికి గురిపెట్టాలి, కుర్రాళ్లకా, పెద్దవాళ్లకా, ఆడవాళ్లకా అని ఎంచుకోవాలి. ప్రేక్షకులంటే ఒకే గుంపు కాదు అన్న సంగతి మన ట్రేడ్ వాళ్లకి ఎప్పట్నుంచో తెలుసు, ఈ గేమ్ దాన్ని లెక్కలోకి తీసుకోవడం నాకు బాగా నచ్చింది. నా రెండో సినిమాకి థియేటర్లు మరీ ఎక్కువ తీసుకుని, మొదటివారం అంకె చూసి గంతేసి, రెండోవారం ఖాళీ హాళ్ల ఖర్చు చూసి ఢీలా పడ్డాను. ఫస్ట్ వీక్ చూసి పార్టీ ఇవ్వకూడదని మన నిర్మాతలకే చెప్పేవాణ్ణి, మళ్లీ నేనూ అదే చేశాను.

ఇక చీకటి భాగం. లంచాలు, బెదిరింపులు, పోలీసులు, మాఫియా, తాగి గొడవ చేసిన స్టార్ వార్త పేపర్లోకి రాకుండా చూడడం, పడనివాడి రహస్యం పట్టుకుని వాణ్ణి ఆడించడం, ఇవన్నీ ఆటలో భాగమే. మంచివాడిగా ఉండొచ్చు, కానీ గేమ్ దానికి ఖరీదు కట్టి వసూలు చేస్తుంది. పిల్లలకి ఇవ్వాల్సిన గేమ్ కాదు, ఆ మాట గట్టిగానే చెప్తున్నా. ఇంగ్లిషులో చదవాల్సింది కూడా చాలా ఉంటుంది, తెలుగులో ఆడే వీలు లేదు. ఎర్లీ యాక్సెస్‌గా మొదలైన గేమ్ కాబట్టి అప్‌డేట్‌లతో లెక్కలు మారుతుంటాయి, ఈ నెల పనిచేసిన ఎత్తు వచ్చే నెల పనిచేయకపోవచ్చు.

ఒక సలహా మాత్రం వినండి. ఏ చీటీకి ఏది కలుస్తుందో ఆటగాళ్లు పట్టికలు తయారుచేసి నెట్‌లో పెట్టారు. మొదటి ఆటలో వాటి జోలికి పోకండి. సస్పెన్స్ సినిమాకి వెళ్లేముందు హంతకుడెవరో తెలుసుకున్నట్టే ఉంటుంది, మిగిలేది గుమాస్తాగిరీ.

సరే, ఈ రెండింట్లో ఒకటే కొనే డబ్బుంటే? మీరు సినిమా చూసొచ్చాక ఇంట్లో ఏం మాట్లాడతారో గుర్తు తెచ్చుకోండి. "ఆ షాట్ చూశావా, ఆ సెట్ భలే వేశారు" అనేవాళ్లయితే బ్లాక్‌బస్టర్ ఇంక్. "దీనికి అంత బడ్జెట్టా, ఎలా వస్తాయి డబ్బులు" అనేవాళ్లయితే హాలీవుడ్ యానిమల్. నేను రెండో రకం కాబట్టి నా ఓటు ఎటో చెప్పక్కర్లేదు, అయితే మా ఇంట్లో మాత్రం ఎక్కువ గంటలు నడిచింది మొదటిదే, ఎందుకంటే ల్యాప్‌టాప్ పట్టుకుని కూర్చునేది మా అమ్మాయి. తను ఒక్క సినిమా కూడా లాభం కోసం తీయదు, స్టూడియో నిండా పూలచెట్లే.

మిగతావి గబగబా చెప్పేస్తా. 'మూవీహౌస్' 2023లో వచ్చింది, 1980లలో చిన్న ఇండిపెండెంట్ నిర్మాతగా మొదలుపెట్టి ఎదుగుతారు. రచయితల్ని పెట్టుకోవడం, స్క్రిప్ట్ రాయించడం, కొత్త టెక్నిక్‌లు సంపాదించడం, చూడ్డానికి తేలిగ్గా, అర్థం చేసుకోవడానికి ఇంకా తేలిగ్గా ఉంటుంది. వీడియో క్యాసెట్ల కాలం మీద మమకారం ఉంటే ఓ వీకెండ్ గడిచిపోతుంది. అంతకంటే లోతు ఆశించొద్దు. సేల్‌లో ఉన్నప్పుడు తీసుకోండి.

ఫోన్‌లోనే ఆడతాను అంటే జపాన్ కైరోసాఫ్ట్ వాళ్ల 'సిల్వర్ స్క్రీన్ స్టోరీ' ఉంది. చుక్కల బొమ్మలు, ముద్దుగా గెంతే మనుషులు. 2010లో ఫోన్లకి వచ్చిన వీళ్ల 'గేమ్ డెవ్ స్టోరీ' ఆడినవాళ్లకి ఇది ఇట్టే అలవాటైపోతుంది. బస్సులో హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లేలోపు రెండు హిట్లు, మూడు యావరేజ్‌లు తీసేయొచ్చు. ప్లే స్టోర్‌లో ఉచితంగా దొరికే సినిమా టైకూన్‌లు (వ్యాపారం నడిపే గేములు) బోలెడున్నాయి కానీ వాటిలో చాలావరకు సినిమా పేరుకే, అసలు పని వేలితో నొక్కడం, యాడ్ చూడడం, మళ్లీ నొక్కడం. పుష్కలంగా టైమ్ ఉండి బుర్ర పని చేయనప్పుడు తప్ప వాటి వైపు చూడను.

చదవడం ఇష్టమైనవాళ్లకి ఒకటి విడిగా చెప్పాలి, 'హాలీవుడ్ విజనరీ'. చాయిస్ ఆఫ్ గేమ్స్ వాళ్లు 2015లో తెచ్చారు, రాసింది ఆరన్ ఎ. రీడ్. బొమ్మలు ఉండవు, మొత్తం రాతే, మధ్య మధ్యలో మీరు నిర్ణయం తీసుకోవాలి. 1950ల హాలీవుడ్, కమ్యూనిస్టులన్న అనుమానం మీద కళాకారుల్ని బ్లాక్‌లిస్టులో పెట్టి పని దొరక్కుండా చేసిన కాలం. స్నేహితుడి పేరు చెప్తారా, స్టూడియోని కాపాడుకుంటారా? పెద్ద పెద్ద గ్రాఫిక్స్ గేముల్లో రాని ఇరకాటం ఇక్కడ నాలుగు వాక్యాల్లో వస్తుంది. ఫోన్‌లో కూడా నడుస్తుంది, ల్యాప్‌టాప్ ఎలాంటిదైనా పర్లేదు, ఇంగ్లిషు నవల హాయిగా చదవగలిగితే చాలు.

'గేమ్ డెవ్ టైకూన్' సినిమా గేమ్ కాదు, వీడియోగేమ్‌లు తయారుచేసే కంపెనీ నడపాలి. అయినా చెప్తున్నా, ఎందుకంటే స్టూడియో నడిపే గేములు మీకు పడతాయో లేదో తక్కువ ఖర్చులో తేల్చుకోవడానికి అంతకంటే మంచిది లేదు. దాని వెనక ఒక భలే సంగతుంది. 2013లో తయారీదార్లే ఒక పైరసీ కాపీని నెట్‌లో వదిలారు. దాన్ని దించుకుని ఆడినవాళ్లకి కొంతసేపయ్యాక వాళ్ల కంపెనీ తీసిన గేములన్నీ పైరసీ అయిపోయి దివాలా తీసేది. పాపం కొందరు వచ్చి, పైరసీని ఆపే మార్గం ఏదైనా ఉందా అని అడిగారట.

వీటిలో దేంట్లోనూ, అంటే నేను ఆడినవాటిలో, మన లెక్క లేదు. ఏరియాల వారీగా అమ్మడం, నైజాం ఒకడికి, ఉత్తరాంధ్ర ఒకడికి, ఓవర్సీస్ ఇంకొకడికి, అడ్వాన్సులు, నష్టపోయిన బయ్యర్ గుమ్మం ముందు కూర్చోవడం, పండక్కి నాలుగు సినిమాలు ఒకేసారి దిగి థియేటర్ల కోసం కొట్టుకోవడం, బెనిఫిట్ షోలు. పాటలు అసలే లేవు. హాలీవుడ్ చరిత్ర చుట్టూ అల్లిన గేములు కాబట్టి అది న్యాయమే, వాటి నుంచి సంక్రాంతి ఆశించకూడదు. అక్కడ స్టూడియో రాజు, మన దగ్గర హీరో రాజు. ఆ తేడా ముందే తెలిస్తే నిరాశ ఉండదు.

కొనేటప్పుడు చూసుకోవాల్సినవి రెండే. ఒకటి, ఆవరణ మొత్తం త్రీడీలో చూపించే బ్లాక్‌బస్టర్ ఇంక్ లాంటివి స్టూడియో పెరిగేకొద్దీ పాత ల్యాప్‌టాప్‌ని ఏడిపిస్తాయి, స్టోర్ పేజీలో రాసిన కనీస అవసరాలు మీ సిస్టమ్‌కి అంచు మీద సరిపోతుంటే వెనక్కి తగ్గండి. రెండు, కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం 2 గంటలు దాటకముందు అడిగితే డబ్బు వెనక్కి ఇస్తారు. ఈ గేముల్లో మొదటి గంట నేర్పించడంతోనే పోతుంది, అందుకని పాఠాలు దాటించేసి ముందు ఒక చెత్త సినిమా తీసి రిలీజ్ చేసేయండి. అంకె ఎక్కుతున్నప్పుడు కుర్చీలో ముందుకి జరిగి కూర్చున్నారా, ఉంచుకోండి. ఫోన్ తీసి వాట్సాప్ చూసుకున్నారా, రెండు గంటలు కాకముందే రీఫండ్ నొక్కేయండి.